కాలు పోయినవారికి తోడెవరు?

మన తెలుగులో నొక నుడి కలదు. సాయము కోరి వచ్చినవానికి ఏమియు నీయక పంపివేసినవానిని గూర్చి ‘మొండిచేయి చూపినాడు’ అందుము. పండితులనక, పామరులనక, పత్రికలు వ్రాయువారనక యెల్లరు నీ మాటను సంకోచము లేక వాడుచున్నారు, మేమును వాడియున్నాము. కాని యా మొండిచేయి యెవరిదని యెన్నడైనను విచారించితిమా? అది చేయి తెగిన మనుష్యునిది. చేయి యుండియు నీయనివాని లోభమునకు చేయి లేనివాని దుఃఖము గుఱుతుగా నిలిచినది. దోషమొకనిది, పేరు మఱొకనిది. ఊరిలో కాలు పోయినవాడొకడున్నచో, తల్లిదండ్రులు పెట్టిన పేరునకు ముందు ‘కుంటి’ యను మాట చేరును. కొంతకాలమునకు పేరు పోయి యా మాటయే మిగులును.

చేయియో కాలో కోల్పోయినవారి కొఱకు లోకము కాలక్రమమున నేమి చేసినదో, ఎవరు చేసిరో, చేసినదానిలో నేది నిలిచినదో మా పాఠకులకును పాఠకురాండ్రకును సంగ్రహముగ తెలుపవలెనని మా యుద్దేశము. ఇది దూరపు సంగతి యని యెవరును తలపరాదు. చేతులు కాళ్లు పోవుట యుద్ధములవలననే కాదు. రైలు క్రింద పడి, యంత్రములలో చిక్కి, పొలములో విద్యుత్తు తీగ తగిలి, మోటారు ప్రమాదములలో నలిగి యెందఱో యంగములు కోల్పోవుచున్నారు. మధుమేహము ముదిరి పాదమునకు స్పర్శజ్ఞానము తప్పినవారికి చిన్న పుండే కుళ్లుగా మాఱి కాలికి ముప్పు తెచ్చుచున్నది. ఆ వ్యాధి యెఱుగని వీధి మన పట్టణములలో కానరాదు. కావున నీ చరిత్రము మన గడపకు దూరమైనది కాదు.

చరిత్రము పరికించిన పిమ్మట మాకు తోచినది యొక్కటియే. కృత్రిమాంగమును పనివాడు చేయగలడు, వైద్యుడు అమర్చగలడు, దాత ధనమియ్యగలడు. కాని దానిని ధరించి నలుగురిలోనికి నడచిపోవు ధైర్యమును, ఆ త్రోవను ముందుగ నడచినవాడే యియ్యగలడు.

కృత్రిమాంగమను తలంపు మిక్కిలి ప్రాచీనమైనది. ఋగ్వేదము ప్రథమ మండలమున అశ్వినీదేవతల స్తుతిలో విశ్పల ప్రస్తావన కలదు. పోరులో విశ్పల కాలు తెగగా అశ్వినులు లోహపుకాలు నమర్చిరనియు, విశ్పల మరల ముందునకు సాగగలిగెననియు నచట చెప్పబడినది. విశ్పల స్త్రీయా, పందెపు గుఱ్ఱమా యని నవీన పండితులు వాదించిరి. ఏదైనను, పోయినదాని స్థానమున వేఱొకటి నిలుపవచ్చునను నాశ నాడే యుండెననుటకు సందేహము లేదు. ఈజిప్టుదేశమున తీబ్సు సమీపమునందొక స్త్రీ శవమునకు కఱ్ఱతోను తోలుతోను చేసిన కాలి బొటనవ్రేలు దొరికినది. అది మూడువేల యేండ్లకు దగ్గఱ కాలము నాటిది. అరిగిన జాడలనుబట్టి యది శవాలంకారము కాదనియు, ఆమె బ్రతికియున్నప్పుడు తొడుగుకొని నడచినదేయనియు పరిశోధకులు నిర్ణయించిరి.

క్రీస్తుశకము 16వ శతాబ్దమున ఫ్రాన్సుదేశమున ఆంబ్రోజ్ పారే యను శస్త్రవైద్యుడుండెను. నాటి యాచారము ప్రకారము అంగము కోసినచోట కాగిన యినుముతో కాల్చి నెత్తురు నాపుచుండిరి. పారే యా క్రూరపద్ధతిని విడిచి, రక్తనాళములను దారముతో కట్టుటను ప్రచారమునకు తెచ్చెను. 1590లో మరణించునాటికి ఆయన గ్రంథములలో కీళ్లతోడి కృత్రిమహస్తములు, మోకాలు వంగు కాళ్లు మొదలగువాని చిత్రములు వెలువడియుండెను. వానిని చేసియిచ్చినవాడు పారిసులో తాళములు చేయు నొక పనివాడు. కాని యా గ్రంథములలోనే మఱియొక చిత్రము కలదు: పేదల కొఱకు వట్టి కొయ్యకాలు. ధనవంతునకు కీలుకాలు, పేదకు కొయ్యకాలు! ఈ భేదమును దాటుటకు లోకమునకు నాలుగు శతాబ్దములు పట్టినది; నేటికిని పూర్తిగ దాటలేదు.

ఇక అమెరికాదేశపు అంతర్యుద్ధమునకు వత్తము. 1861 జూన్ నెలలో జేమ్స్ హ్యాంగర్ అను పదునెనిమిదేండ్ల విద్యార్థి దక్షిణ సైన్యమున చేరిన కొలదిదినములకే ఫిరంగిగుండు తగిలి కాలు కోల్పోయెను. అతనికిచ్చిన కొయ్యకాలు అడుగడుగునకు బాధించుచుండెను. ఇంటికి చేరి గది తలుపు మూసికొని కూర్చుండగా, దుఃఖముచేత నెవరి మొగమును చూడనొల్లకున్నాడని యింటివారు తలంచిరట. కొన్ని నెలలకు అతడు పీపాల బద్దలు మొదలగువానితో తానే చేసికొన్న కీలుకాలు ధరించి మెట్లు దిగి వచ్చెను. పిమ్మట తనవంటి సైనికులకు కాళ్లు చేసియిచ్చెను. అతని పేర వెలసిన సంస్థ నేటికిని కృత్రిమాంగముల పని చేయుచున్నది. తొడుగుకొనువానికి ఎచ్చట నొప్పి పుట్టునో చూచువానికి తెలియదు. ఇచట చేసినవాడే తొడుగుకొన్నవాడగుటచేత నా కాలు మేలైనది.

ఆ యుద్ధము ముగిసిన 1865వ సంవత్సరముననే మఱొక చిత్రమైన ప్రయత్నము జరిగినది. న్యూయార్కులో విలియం ఓలండ్ బోర్న్ అను పత్రికాసంపాదకుడు, యుద్ధములో కుడిచేయి పోయిన సైనికులకు దస్తూరి పోటీ నొకదానిని ప్రకటించెను. ఎడమచేతితో చక్కగ వ్రాసి పంపినవారికి మొత్తము వేయి డాలర్ల బహుమానములు. తరువాత రెండవ పోటీయు జరిగినది. వందలకొలది సైనికులు తమ యుద్ధకథలను ఎడమచేతితో వ్రాసి పంపిరి. ఆ పత్రములను ప్రజలు చూచుటకై ప్రదర్శించిరి. అవి నేడు అమెరికా కాంగ్రెసు గ్రంథాలయమున భద్రపఱుపబడియున్నవి. పాఠకులిచట గమనింపవలసినది బహుమానపు మొత్తము కాదు. చేయి పోయినవానికి ఏమి యిత్తమని బోర్న్ అడుగలేదు. నీవేమి చేయగలవో చూపుమని యడిగెను. ఇచ్చుటవలెనే యడుగుటయు నొక గౌరవము. మఱియు, తాను మాత్రమే యీ కష్టమునకు గుఱియైతినని యేదో పల్లెలో కుమిలిపోవుచున్న సైనికుడు, తనవంటివారు వందలకొలది యదే పనికి పూనుకొనిరని తెలిసికొనెను.

ఆ కాలపుదే వేఱొక కథ కలదు; అది మన జాలిగుణమును గూర్చి హెచ్చరించునది. ఫిలడెల్ఫియా నగరమున సైలస్ వియర్ మిచెల్ అను వైద్యుడు అంగములు కోల్పోయిన సైనికులకు చికిత్స చేయుచుండెను. తీసివేసిన కాలు ఇంకను ఉన్నట్లును, లేని వ్రేళ్లు మెలిపడి నొప్పి పెట్టుచున్నట్లును రోగులు మొఱపెట్టుకొనుట ఆయన గమనించెను. 1866లో నా యనుభవమును, కాళ్లు చేతులు పోయిన యొక కల్పిత పురుషుని నోట పలికించి, తన పేరు చెప్పక యొక మాసపత్రికలో కథగా ప్రకటించెను. చదివినవారు దానిని నిజమని నమ్మి, ఆ లేని మనుష్యునకు సాయముగ ఆసుపత్రికి చందాలు తెచ్చిరి. ఆ యూరి వీధులలో నిజముగ కాళ్లు పోయినవారు తిరుగుచుండగా, కథలోనివానికొఱకు కన్నీరు కార్చిరి! మనమును నాటకశాలలో కన్నీరు తుడుచుకొని, వెలుపల మెట్లమీద కూర్చున్నవానిని దాటి పోవువారమే గదా.

మిచెల్ 1871లో ఈ బాధకు ఛాయాంగమను నర్థము గల పేరు పెట్టెను. 1990 తరువాత, తమిళదేశమున జన్మించిన విలయనూర్ రామచంద్రన్ అను శాస్త్రజ్ఞుడు, ఉన్న చేతి ప్రతిబింబమును అద్దములో చూపి, లేని చేతి నొప్పిని కొందఱిలో తగ్గింపవచ్చునని కనిపెట్టెను. ఈ నొప్పి మెదడులో పుట్టునది. నటన కాదు, పిచ్చి కాదు. కాని యింటివారికీ సంగతి తెలియదు. ‘లేని కాలికి నొప్పి యెట్లు వచ్చును?’ అని నవ్వుదురు. లేదా దయ్యము పట్టినదని భూతవైద్యునికొఱకు వెదకుదురు. బాధపడువాడు చెప్పుట మానుకొనును. అట్టివానియొద్దకు మఱియొక కాలు లేనివాడు వచ్చి, ‘నాకును రాత్రులందట్లే యుండెడిది’ అనినచో, ఆ యొక్క మాటకు సమానమైన మందు లేదు.

1914 మొదలు 1918 వఱకు జరిగిన ఐరోపా మహాయుద్ధములో బ్రిటిషు సైనికులే నలువదివేలకు పైగా కాలో చేయో కోల్పోయిరి. లండను చెంత రోహాంప్టనులో 1915లో వారికొఱకు ప్రత్యేకముగ నాసుపత్రి తెఱువబడెను. అంగములమర్చుటయేగాక పనులు నేర్పుటయు నచట జరిగెను. కాని యుద్ధజ్వరము చల్లారిన పిమ్మట ప్రజల స్మరణయు చల్లారినది. విజయదినమున పూలు చల్లినవారు మఱునాడు ఉద్యోగమీయలేదు. అప్పుడు కాళ్లు చేతులు పోయిన సైనికులు తమంతట తామే యూరూర చిన్న సంఘములుగ కూడిరి. ఆ సంఘములన్నియు కలిసి 1932లో దేశవ్యాప్తమైన యొకే సంఘమయ్యెను. క్రొత్తగ నంగము కోల్పోయినవానిని పాతవాడు పలుకరించుటయు, ఉపకారవేతనము కొఱకు ప్రభుత్వముతో వాదించుటయు దాని పనులు. ఆ సంఘము నేటికిని జీవించియున్నది. ఇది మిక్కిలి ముఖ్యమైన మలుపు. అంతవఱకు వారికొఱకు ఇతరులు మాటలాడిరి. ఇచట తమ మాట తామే యాడిరి.

ఆ యుద్ధములో భారతీయ సైనికులును అంగహీనులైరి. వారికి వృత్తులు నేర్పుటకై 1917లో బొంబాయిలో క్వీన్ మేరీ సాంకేతిక విద్యాలయము స్థాపింపబడి, తరువాత పుణె సమీపమున ఖడ్కీకి మాఱినది. రెండవ మహాయుద్ధ కాలమున, 1944లో, పుణెలో కృత్రిమాంగ కేంద్రమేర్పడెను. ఇవి సైనికులకొఱకు పుట్టినవి. ప్రత్తిమిల్లులో చేయి నలిగిన కూలివానికి, రైలు క్రింద కాలు పోయిన రైతుకు, బావిగట్టున జాఱి యెముక విఱిగి కుళ్లిన యాడుదానికి నేమి దారి? ఆ ప్రశ్నకు మన దేశము చెప్పిన యుత్తరము రాజపుత్రస్థానములోని జయపురమున పుట్టినది.

జయపురపు సవాయి మాన్‌సింగ్ ఆసుపత్రిలో ప్రమోద్ కరణ్ సేఠీ యను ఎముకల వైద్యుడుండెను. తాము కృత్రిమపాదము లమర్చి పంపిన రోగులు కొన్నాళ్లకు వానిని విడిచి, మరల చంకకఱ్ఱలతో నడచుట ఆయన చూచెను. కారణమేమి? ఆ పాదములు పాశ్చాత్యుల యొఱవడిలో చేయబడినవి. అవి బూటులో నిముడునవి, కుర్చీపై కూర్చుండువానికి తగినవి. మన రైతు చెప్పులు లేక బురదలో దిగవలెను, గొంతుకూర్చుండవలెను, బాసికపట్టు వేసి విస్తరిముందు కూర్చుండవలెను, దేవాలయమున చెప్పులు విడువవలెను. పాశ్చాత్య పాదము వీనిలో నొక్కదానికిని వంగదు. కాలు లేనివాడు సోమరియై దానిని మూలపెట్టలేదు. ఆ కాలు వాని బ్రతుకునకు సరిపడక మూలపడినది. ఇచ్చినవారు వానినడుగలేదు.

ఆ యాసుపత్రిలోనే రోగులకు చేతిపనులు నేర్పుటకు వచ్చిన రామచంద్రశర్మ యను శిల్పి యుండెను. ఆయనకు పెద్ద చదువు లేదు, చేతినేర్పు కలదు. సైకిలు టైర్లకు రబ్బరు పోయు దుకాణమున పనిని చూచి, రబ్బరుతో పాదమును పోతపోయవచ్చునని యాయనకు తట్టెనని చెప్పుదురు. వైద్యుని శాస్త్రమును, శిల్పి హస్తమును కలిసి 1968 నాటికి జయపుర పాదము సిద్ధమయ్యెను. లోపల కొయ్యయు మెత్తని రబ్బరును, పైన చర్మవర్ణము గల గట్టి రబ్బరును గల యీ పాదము అన్ని దిక్కులకు వంగును, నీటికి చెడదు, చెప్పు లేకయే నేలపై నానును. ఊరి పనివాండ్రు దొరకు సరకుతో చేయగలరు. పారే కాలమున తాళముల పనివాడు ధనికునకు కీలుకాలు చేసెను. జయపురమున శిల్పి రైతునకు పాదము చేసెను. 1981లో సేఠీగారికి రామన్ మెగసెసె బహుమానము లభించెను. వారు 2008లో పరమపదించిరి. శిల్పి పేరు వైద్యుని పేరంతగా లోకమునకు తెలియకపోవుట విచారకరము.

ఐనను పాదము పుట్టినంతమాత్రమున పేదలకందలేదు. మొదటి యేడేండ్లలో అమర్చబడినవి పదులలోనే యుండెను. 1969లో మోటారు ప్రమాదమున తొడయెముక విఱిగి, కాలు దక్కునో దక్కదో యను స్థితిలో నెలలకొలది యాసుపత్రిలో పడియున్న ప్రభుత్వోద్యోగి దేవేంద్రరాజ్ మెహతాగారు 1975లో భగవాన్ మహావీర వికలాంగ సహాయతా సమితిని స్థాపించిరి. ముందుగ దినము నిర్ణయించుకొని రావలసిన పని లేదు, వచ్చినవానిని చేర్చుకొందురు. కాలు సిద్ధమగువఱకు రోగికిని, వెంటవచ్చినవారికిని వసతియు భోజనమును ఉచితము. ఆ పాదము లిప్పటికి లక్షలకొలది జనులకు చేరినవి. ఇంతకన్న ముఖ్యముగ మా మనస్సును హరించినదేమన, అచట కాళ్లు కట్టువారిలో కొందఱు తామును కాళ్లు కోల్పోయినవారే. రోగి తలయెత్తి చూచునప్పటికి, ఎదుట మోకరించి కొలతలు తీయువాని పంచ క్రిందనుండి రబ్బరు పాదము కనబడును. వేఱు ఉపన్యాస మక్కఱలేదు.

ఈ సూత్రమునే మఱింత గట్టిగ పాటించినది కాబూలు నగరములోని రెడ్‌క్రాస్ కృత్రిమాంగ కేంద్రము. ఆఫ్ఘన్ దేశమున మందుపాతరలవలన అంగములు పోయినవారికొఱకు 1988లో నది మొదలైనది. 1990లో ఇటలీదేశస్థుడైన ఆల్బెర్టో కాయిరో యచటికి పోయి, దశాబ్దములకొలది యా పని నడపెను. అచట పనిలోనికి వికలాంగులనే చేర్చుకొనుట నియమముగ పెట్టుకొనిరి. వడ్రంగి, చర్మకారుడు, నడక నేర్పువాడు, లెక్కలు వ్రాయువాడు, వీరిలో దాదాపు అందఱు నొకప్పుడా కేంద్రమునకు రోగులై వచ్చినవారే. ఇది దయ కాదు, తెలివి. కాలు లేనివాడు కాలు చేయుచుండుటను చూచిన రోగికి, తనకును ఉద్యోగము, సంసారము, గౌరవము సాధ్యములని యదేదినమున తెలియును.

పశ్చిమాఫ్రికాలోని సియర్రాలియోన్ దేశమున 1991 మొదలు 2002 వఱకు జరిగిన అంతర్యుద్ధములో తిరుగుబాటుదారులు సామాన్యజనుల చేతులు కాళ్లు నఱికిరి. రాజధానియైన ఫ్రీటౌనులో అట్టివారికొఱకేర్పడిన ముఱ్ఱేటౌన్ శిబిరమున 2001లో యువకులు కాలిబంతి జట్టుగా కూడిరి. ఈ యాటలో మైదానమున పరుగిడువారికి కాలొకటియే; వారు చంకకఱ్ఱలపై పరుగిడుదురు. గోలు కాచువానికి చేయి యొకటియే. కఱ్ఱతో కావలెనని బంతిని తాకినచో తప్పు. నిన్న తమ గుడారములలో మొగము దాచుకొన్నవారు నేడు సముద్రతీరపు టిసుకలో వేలమంది యెదుట కేకలువేయుచు ఆడిరి. కాలు తిరిగి రాలేదు, యౌవనము తిరిగివచ్చినది.

కంబోడియాదేశమున టున్ చన్నారెత్ అను సైనికుడు 1982లో మందుపాతరపై నడుగిడి రెండు కాళ్లను కోల్పోయెను. పిదప చక్రముల కుర్చీలు చేయు పని నేర్చి, తనవంటివారికి వానిని చేర్చుచు, మందుపాతరల నిషేధముకొఱకు దేశదేశములు తిరిగెను. 1997లో ఆ నిషేధోద్యమమునకు నోబెల్ శాంతిబహుమానము లభింపగా, ఉద్యమము పక్షమున ఓస్లో నగరమున దానిని స్వీకరించినవారిలో చన్నారెత్ ఒకడు. అదే సంవత్సరమున నూటికి పైగా దేశములు సంతకము చేసిన ఒడంబడికలో, పాతరలను మానుటయేగాక, గాయపడినవారి చికిత్సకును జీవనమునకును తోడ్పడవలెనను నిబంధన చేరినది. భారతదేశము దీనిలో చేరలేదు. చేరిన దేశములలో ఐరోపాలోని కొన్ని 2025లో వైదొలగుటకు నిశ్చయించుకొనినవి. కావున నీ పోరాటము ముగిసినదని చెప్పజాలము. అయినను, కాళ్లు పోయినవాడు భిక్షాపాత్రతో గాక శాసనపత్రముతో రాజ్యములయెదుట నిలిచెనను సంగతి చరిత్రమున నిలుచును.

ఇక మన తెలుగునాటికి వత్తము. 1981లో తిరుచిరాపల్లి సమీపమున బస్సు ప్రమాదమున సుధాచంద్రన్ అను యువనర్తకి కుడికాలు కోల్పోయెను. ఆమె జయపుర పాదము ధరించి, నెత్తురు చిమ్మినను మానక సాధన చేసి, 1984లో బొంబాయిలో మరల రంగస్థలమెక్కెను. ఆ కథను సింగీతం శ్రీనివాసరావుగారు ‘మయూరి’ యను చలనచిత్రముగ తెలుగులో తీసిరి. నాయిక పాత్రను సుధాచంద్రనే ధరించెను. 1985లో దానిని చూచిన తెలుగు కుటుంబములలో, కాలు పోయిన యాడుపిల్లకు భవిష్యత్తు కలదను మాట మొదటిసారి వినబడినదనుట అతిశయోక్తి కాదు.

కాని యిచట మా మనవి యొకటి కలదు. అద్భుతమును చూచి చప్పట్లు కొట్టుట యొక విధమైన దూరమే. కాలు పోయిన ప్రతి స్త్రీయు నాట్యము చేయవలసిన పని లేదు. ఆమె నీళ్లు తోడుకొని, బడికి పోయి, పెండ్లిపందిటిలో బంధువులనడుమ కూర్చుండి, మనసైనవానిని వివాహమాడగలిగిన చాలును. అట్టి సామాన్యమైన జీవనమును మనమియ్యక, అసామాన్యమైన సాహసమును వారినుండి కోరుట న్యాయము కాదు. విశేషించి స్త్రీలయెడల మన గృహములు కఠినముగ నున్నవి. మగవాడు కాలు పోయినను ఇంటి యజమానుడే. ఆడుది కాలు పోయినచో గదిలో దాపబడును. చెల్లెండ్ర సంబంధములు చెడునని చుట్టములకు చూపరు. దాచుట ప్రేమ కాదు, బ్రతికియుండగనే కప్పిపెట్టుట.

శాసనములు కొంత ముందునకు నడచినవి. 1995లో భారత పార్లమెంటు వికలాంగుల హక్కులను గూర్చి శాసనము చేసి ప్రభుత్వోద్యోగములలో నూటికి మూడు స్థానము లుంచినది. 2016 నాటి శాసనము దానిని నాలుగు చేసి, హక్కులను విస్తరించినది. తిరుపతిలో దేవస్థానమువారి బర్డ్ ఆసుపత్రి వంటి సంస్థలు మన ప్రాంతమున పనిచేయుచున్నవి. కాని శాసనము కచేరిగుమ్మమువఱకే వచ్చును. ఇంటి గుమ్మము దాటి రాలేదు. అచ్చటి పని మనది.

ఆ పని యేమి? మొదటిది, ఆసుపత్రిలో కాలు తీయబడిన బంధువునొద్దకు పండ్లు పట్టుకొని పోవుటతో సరిపెట్టక, కృత్రిమపాదముతో తిరుగుచున్న మనుష్యునొకనిని వెదకి వెంటబెట్టుకొని పోవలెను. అమెరికాలో 1986లో ఏర్పడిన అంగహీనుల సంఘమొకటి యిట్టి పలుకరింపునకై మనుష్యులకు శిక్షణమిచ్చి పంపుచున్నది. మనకు సంఘము లేనిచోట పొరుగువారే చాలుదురు. రెండవది, కాలమర్చినంతట పని ముగిసినదని తలపరాదు. శస్త్రచికిత్స జరిగిన నెలలలో మిగిలిన కాలు సన్నగిలును; తొడుగు వదులై ఒరయును; దానిని మార్పింపవలెను. బిడ్డలకైనచో ఎదుగుదల ననుసరించి మాటిమాటికి క్రొత్తది కావలెను. ఇది తెలియకయే యెన్నో కాళ్లు అటకలెక్కుచున్నవి. మూడవది, మధుమేహము గలవారి పాదములను ప్రతిదినము ఇంటివారు చూచుట; పోకుండ కాచుట అన్నిటికన్న పెద్ద సాయము. నాలుగవది, నలుగురైదుగురు అంగహీనులు గల యూర వారొకచోట కూడుటకు అరుగో, గ్రంథాలయపు గదియో యిచ్చి, మనము తప్పుకొనుట. వారి మాటలు వారాడుకొనగలరు. ఉద్యోగమునకు, పింఛనుకు, ఆటకు, పాటకు దారులు వారే వెదకుకొనగలరు. మన యుపన్యాసములు వారికక్కఱలేదు. మన అరుగునకు మెట్ల ప్రక్క నొక వాలుదారి మాత్రము కావలెను.

ఆరంభమున చెప్పిన నుడిని మరల తలంతము. హ్యాంగర్ తన కాలు తానే చేసికొని యితరులకు చేసెను. ఎడమచేతి సైనికులు తమ చరిత్రమును తామే వ్రాసిరి. కాబూలులో నిన్నటి రోగి నేటి వైద్యసహాయుడయ్యెను. చన్నారెత్ లోకమునకొక ధర్మమును అడిగి తెచ్చెను. వీరందఱు అంగము పోయినవారే. వీరిలో నెవ్వరును తమవంటివానికి లేదనలేదు. కాళ్లు చేతులు కలిగియు గడపకడనే నిలిచిపోయినవారము మనము. ఇకమీద ‘మొండిచేయి చూపినాడు’ అను మాట నోటికి వచ్చునపుడు, ఒక నిమిషమాగి, అది యెవరి చేయియో తలచికొందము. లోభికి వేఱొక మాట వెదకుట భాషకు కష్టము కాదు.